మల్లెకు కత్తెర, చామంతికి చీకటి: పెరటి మొక్క పూయకపోతే ఎక్కడ వెతకాలి?

మేడ మీద పక్కపక్కనే రెండు కుండీలు. ఒకదానిలో మందారం, ఇంకొకదానిలో కాగితపు పువ్వుల చెట్టు. ఇంటివాళ్ళు రెండింటికీ పొద్దున్నే ఒకే మగ్గుతో నీళ్ళు పోస్తారు, నెలకోసారి చెరో గుప్పెడు పశువుల ఎరువు వేస్తారు, ఎండ కూడా రెండింటికీ సమానంగానే తగులుతుంది. అయినా మందారం రోజుకు రెండు మూడు పూలు ఇస్తుంటే, కాగితపు పువ్వుల చెట్టు మాత్రం బారలు చాచినట్టు కొమ్మలు పెంచుకుంటూ ఆకులూ ముళ్ళూ తప్ప మరేమీ చూపించదు. ఊరి బయట జాతీయ రహదారి మధ్యలో, ట్యాంకరు నీళ్ళు ఎప్పుడో ఒకసారి అందే చోట, అదే జాతి మొక్కలు ఆకు కనబడనంతగా పూసి ఉంటాయి.

ఈ తేడా చూసినవారు నర్సరీకి వెళ్ళి సాధారణంగా అడిగే మాట ఒకటే: "పూత రావడానికి ఏ మందు వేయాలి?" ఆ ప్రశ్నలోనే పొరపాటు ఉందని నా అభిప్రాయం. ఎరువు మొక్కకు ఆహారానికి కావలసిన ముడిసరుకు మాత్రమే. ఎప్పుడు పూయాలో అది చెప్పదు. కొమ్మ చివరనో, ఆకు మొదట్లోనో ఉండే మొగ్గ ఆకుగా విప్పుకోవాలా, పువ్వుగా మారాలా అన్నది వేరే సంకేతాల మీద ఆధారపడుతుంది, ఆ సంకేతం జాతిని బట్టి మారుతుంది. ఒక మొక్కకు అది కత్తెర, ఒకదానికి దాహం, మరొకదానికి రాత్రి నిడివి. మన వాతావరణంలో ఏడాది పొడవునా ఏదో ఒకటి చిగురిస్తూనే ఉంటుంది కనుక, మంచు దేశాల తోటల్లో లాగా శీతాకాలం వచ్చి మొక్కలన్నింటినీ ఒకేసారి నిద్రపుచ్చి, ఒకేసారి లేపదు. ఆ పని ఇక్కడ తోటమాలే, ఒక్కో మొక్కకు ఒక్కో విధంగా చేయవలసి వస్తుంది.

సంకేతాల దాకా పోయే ముందు రెండు విషయాలు సరిచూసుకోవాలి. మొదటిది ఎండ. పూల పొదల్లో చాలా వాటికి రోజుకు కనీసం ఐదారు గంటల నేరు ఎండ కావాలి. కనకాంబరం వంటి కొన్ని మాత్రమే కొంత నీడను ఓర్చుకుంటాయి. అపార్టుమెంట్లలో ఉత్తరం వైపు బాల్కనీ ఉన్నవారు గమనించవలసిన సంగతి ఏమిటంటే, హైదరాబాదులో మధ్యాహ్నపు సూర్యుడు నడినెత్తికి ఉత్తరంగా ఉండేది సుమారు మే రెండో వారం నుంచి ఆగస్టు మొదటి వారం వరకే. చలికాలమంతా ఆ బాల్కనీకి నేరు ఎండ దాదాపు ఉండదు. అక్కడ గులాబీ పూయలేదంటే అది గులాబీ తప్పు కాదు.

రెండోది నేల, నీరు. నూరువరహాల మొక్కను చాలామంది ప్రహరీ గోడ వెంట నాటుతారు. రెండేళ్ళు తిరిగేసరికి దాని లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం పచ్చగా మిగులుతాయి, పూత పలచబడుతుంది. దీనిని బలహీనతగా భావించి, భాస్వరం ఎక్కువగా ఉండే డీఏపీ ఎరువు వేస్తే పరిస్థితి ఇంకా దిగజారుతుంది. ఇది ఇనుము లోపం. గోడ కట్టినప్పుడు రాలిన సిమెంటు, సున్నం ఆ మట్టిలో క్షారగుణాన్ని పెంచుతాయి. సున్నం ఎక్కువగా ఉన్న బోరు నీళ్ళు ఏళ్ళ తరబడి పోస్తే ఆ గుణం మరింత పెరుగుతుంది. అటువంటి మట్టిలో ఇనుము ఉన్నా వేరుకు అందదు, పైగా భాస్వరం మితిమీరితే దాని అందుబాటు మరింత తగ్గుతుంది. లోపాన్ని ఆకు వయసును బట్టి పోల్చుకోవచ్చు. నత్రజనిని మొక్క ముదురు ఆకుల నుంచి లాగి చిగుళ్ళకు పంపగలదు కనుక అది తగ్గినప్పుడు అడుగు ఆకులు ముందు పసుపెక్కుతాయి. ఇనుమును అలా తరలించలేదు కనుక పసుపు చిగురు దగ్గరే మొదలవుతుంది. లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్), 1 గ్రాము నిమ్మ ఉప్పు కలిపి సాయంత్రం వేళ ఆకుల మీద పిచికారీ చేసి, వారం పది రోజులకు మళ్ళీ చేస్తే కొత్త చిగుళ్ళు పచ్చగా వస్తాయి. అయితే అది తాత్కాలికమే. మట్టిలో ఏటా చివికిన ఆకుల ఎరువు కలుపుతూ, వీలైనప్పుడల్లా వాన నీటిని పట్టి పోస్తేనే మార్పు నిలుస్తుంది.

మొక్కకు ఎండ ఉంది, ఆకులు ఆరోగ్యంగా ఉన్నాయి, అయినా పువ్వు లేదు. అప్పుడే సంకేతాల సంగతి చూడాలి.

మల్లెతో మొదలుపెడదాం. మల్లె పూలు కొత్తగా వచ్చిన చిగురు కొసన, సాధారణంగా మూడేసి మొగ్గల గుత్తిగా వస్తాయి. ఎన్ని కొత్త రెమ్మలు పుడితే అన్ని గుత్తులు. పాత కొమ్మ ఎంత పొడుగు పెరిగినా అది పూత కాదు. అందుకే మల్లె తోటల రైతులు నవంబరు చివరికల్లా నీళ్ళు తగ్గించి, మొక్కను వాడు పట్టనిచ్చి, నేల నుంచి సుమారు అర మీటరు ఎత్తున కొమ్మలు కత్తిరిస్తారు; మిగిలిన ఆకును దూసివేస్తారు. పెరట్లో ఏళ్ళ తరబడి పెంచుకున్న మల్లెపొదను ఇలా మోడు చేయడానికి ఇంట్లో ఎవరికీ మనసు ఒప్పదు, ముఖ్యంగా ఆ పొదను అమ్మమ్మ నాటి ఉంటే అసలే ఒప్పదు. కానీ ఆ మోడు చేయడమే సంకేతం. కొమ్మ కొస పోగానే, దాని కింద అణగి ఉన్న పక్క మొగ్గలన్నింటికీ అడ్డు తొలగుతుంది. కొసలో తయారయ్యే ఆక్సిన్ అనే హార్మోను అంతవరకు పక్క మొగ్గలను పెరగనీయకుండా ఆపి ఉంచుతుంది. జనవరి, ఫిబ్రవరి నెలల్లో పాదు తవ్వి, బాగా చివికిన పశువుల ఎరువు వేసి, నీళ్ళు మళ్ళీ మొదలుపెడితే, నెలల పాటు వేళ్ళలోనూ కాండంలోనూ దాచుకున్న పిండిపదార్థం ఒక్కసారిగా చిగుళ్ళకు ఎక్కుతుంది. మార్చి నుంచి మొగ్గలు. ఒక విడత పూలు కోయడం పూర్తయ్యాక పూసిన రెమ్మల కొసలను గోటితో తుంచివేస్తే ఇంకో విడత పూత వస్తుంది.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. మల్లె కుటుంబంలో అన్నింటికీ ఇదే నెల వర్తించదు. జాజిని డిసెంబరు చివరి వారంలోనూ, సూదిమల్లెను జనవరి చివరి వారంలోనూ కత్తిరిస్తారు, వాటి పూతకాలం కూడా ఆ మేరకు వెనక్కు జరుగుతుంది. పైగా సన్నజాజి, విరజాజి, కాగడా వంటి పేర్లను ఊరికో మొక్కకు తగిలించే అలవాటు మనకు ఉంది. పేరు వినగానే కత్తెర తీయకుండా, మన పొద గత సంవత్సరం ఏ నెలలో పూసిందో గుర్తు చేసుకుని, దానికి మూడు నాలుగు నెలల ముందు లెక్క వేసుకోవడం మేలు. గులాబీకి ఈ లెక్క ఇంకా సులభం: వానలు వెనక్కు తగ్గిన అక్టోబరులో కత్తిరిస్తే సుమారు ఆరేడు వారాలకు పూలు వస్తాయి. అయితే అంటు కట్టిన చోటుకు కింద నుంచి దూసుకువచ్చే బలమైన కొమ్మ అడవి గులాబీది. దాని జోరు చూసి మురిసిపోయి వదిలేస్తే, రెండేళ్ళకు మనం కొన్న గులాబీ మాయమై ఆ అడవి గులాబీ ఒక్కటే మిగులుతుంది.

కత్తెర ఎప్పుడు పడాలన్నది ఎంత ముఖ్యమో, ఎన్నిసార్లు పడుతుందన్నదీ అంతే ముఖ్యం. పార్కుల్లోనూ కార్యాలయాల ఆవరణల్లోనూ నూరువరహాలు, నందివర్ధనం మొక్కలను గోడలాగా నలుచదరంగా కత్తిరిస్తుంటారు. నూరువరహాల గుత్తి కొమ్మ కొసనే పుడుతుంది. మూడు వారాలకోసారి కొసలు నరికే మొక్క చూడడానికి పచ్చటి పెట్టెలా ఉంటుంది కానీ, దానికి పూచే వ్యవధి దొరకదు. పూలూ కావాలి, కంచే ఉండాలి అనుకుంటే ఏడాదికి ఒకటి రెండుసార్లు, అదీ పూత ముగిశాక, కత్తిరించాలి. దేవగన్నేరు సంగతి ఇంకొంచెం ప్రత్యేకం. అది చలికాలంలో ఆకు రాల్చి, ముదిరిన లావాటి కొమ్మ కొసన గుత్తి పెడుతుంది. పూసిన కొమ్మ తర్వాత రెండు మూడు కొమ్మలుగా చీలుతుంది. ఎండాకాలం ముందు అందం కోసం దాని కొసలను నరికితే, కొత్త కొమ్మలు ముదిరే వరకు, అంటే చాలాసార్లు మరుసటి ఏడాది వరకు, ఎదురుచూడాలి. కత్తిరించిన ముక్కను నాటాలనుకుంటే పాలు కారడం ఆగి కోసిన చోటు ఆరే దాకా వారం పది రోజులు నీడన ఉంచాలి, లేకపోతే కుళ్ళిపోతుంది. పాల మాట వచ్చింది కనుక చెబుతున్నాను: గన్నేరు, పచ్చగన్నేరు మొక్కల్లో ప్రతి భాగమూ విషపూరితమే. కత్తిరించిన కొమ్మలను పశువులకు అందేచోట పడవేయకూడదు, పొయ్యిలోనో మంటలోనో కాల్చకూడదు.

ఇప్పుడు మళ్ళీ మేడ మీది రెండు కుండీల దగ్గరకు వద్దాం. కాగితపు పువ్వుల చెట్టు దక్షిణ అమెరికాది. 1760ల చివర ఫ్రెంచి నావికుడు బూగన్‌విల్ చేసిన ప్రపంచయాత్రలో, ఆయన వెంట ఉన్న వృక్షశాస్త్రజ్ఞుడు కోమెర్సన్ దీనిని బ్రెజిల్‌లో సేకరించగా, నావికుని పేరు మీదే దీనికి బోగన్‌విలియా అన్న పేరు నిలిచింది. మనం పువ్వు అని పిలిచే ముదురు గులాబీ రంగు భాగం నిజానికి పువ్వు కాదు, వృక్షశాస్త్రంలో పుచ్ఛాలు అనే రంగు ఆకులు. వాటి నడుమ సన్నని గొట్టాల్లాగా కనిపించే తెల్లటి చిన్నవే పూలు. అంతకంటె ఆసక్తికరమైన విషయం ముల్లుకు సంబంధించినది. ఈ మొక్కలో ఆకు మొదట్లో ఉండే మొగ్గ ముల్లుగానూ మారగలదు, పూగుత్తిగానూ మారగలదు. రెండూ ఒకే చోట నుంచి, ఒకే రకమైన మొగ్గ నుంచి పుట్టేవే. నీరు, నత్రజని దండిగా దొరికి, పగళ్ళు పొడుగ్గా ఉండి, కొమ్మ వేగంగా సాగుతున్నప్పుడు ఆ మొగ్గ ముల్లవుతుంది. కొమ్మ వేగం తగ్గినప్పుడు గుత్తి అవుతుంది. కనుక మేడ మీది మొక్క ముళ్ళతో నిండిందంటే దానికి తిండి తక్కువై కాదు, ఎక్కువై.

దీనికి చేయవలసింది చాలా తక్కువ. పొడుగు కొమ్మలను కొద్దిగా కుదించి, వేళ్ళు నిండిన కుండీని మార్చకుండా అలాగే ఉంచి, నీళ్ళు ఆపాలి. లేత కొసలు వాలేదాకా ఆగి, అప్పుడు ఒకసారి నిండుగా పోసి, మళ్ళీ ఆగాలి. వానలు పోయిన అక్టోబరు నుంచి ఎండలు ముదిరే వరకు ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. జూలై, ఆగస్టుల ముసురులో ఏం చేసినా ఆకే వస్తుంది, ఎందుకంటే ఆకాశం పోసే నీటిని మనం ఆపలేం. జాతీయ రహదారి మొక్కలకు ఈ విద్య ఎవరూ నేర్పలేదు. వాటికి నీళ్ళు సమయానికి అందకపోవడమే వాటి అదృష్టం.

మందారం దీనికి నేరుగా ఎదురు. అది కూడా కొత్త రెమ్మల మీదే పూస్తుంది, కానీ దాహాన్ని భరించదు. ఒక పువ్వు సాధారణంగా ఒక్కరోజే నిలుస్తుంది కనుక రోజూ పూయాలంటే రోజూ పెరుగుతూ ఉండాలి. మధ్యలో ఒక్క మధ్యాహ్నం కుండీ పూర్తిగా ఎండినా, మొక్క ముందుగా వదులుకునేది మొగ్గనే. ఏప్రిల్, మే నెలల్లో "మొగ్గలు పడతాయి, విప్పకుండానే రాలిపోతాయి" అని వినిపించే ఫిర్యాదులో చాలా భాగం ఇదే. మిగిలిన భాగం తామర పురుగులది, పిండినల్లిది. పిండినల్లి పట్టిన కొమ్మలను నీటి ధారతో గట్టిగా కడిగి, తర్వాత లీటరుకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగా సబ్బు నీళ్ళు కలిపి చల్లితే తొలిదశలో అదుపులోకి వస్తుంది. దానిని కాపలా కాసే చీమల బారును ఆపకపోతే మాత్రం మళ్ళీ వస్తుంది. మేడ మీద ఎండకు కుండీ గోడలే కాలిపోతుంటాయి కనుక వేసవిలో కుండీలను ఒకదానికొకటి ఆనించి గుంపుగా పెట్టి, మట్టి మీద వరిగడ్డి గానీ ఎండుటాకులు గానీ పరచడం ఏ ఎరువు కంటేనైనా ఎక్కువ మేలు చేస్తుంది.

దుంప జాతుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. తొలకరి జల్లు పడ్డ కొద్ది రోజులకే తలెత్తే వాన లిల్లీలు, మే నెలలో ఎర్రటి బంతిలా పూసే ఫుట్‌బాల్ లిల్లీ, సాయంత్రాలు గుబాళించే నేలసంపెంగ, ఇవన్నీ అంతకుముందు ఆకులు సంపాదించి దుంపలో దాచిన దాని మీదే పూస్తాయి. పూత అయ్యాక ఆకులు అందంగా లేవని కోసిపారేసేవారి దుంపలు మరుసటి ఏడు పూయవు. పూసిన కాడను తీయవచ్చు. ఆకును మాత్రం అది తనంత తాను పసుపెక్కి వాలిపోయే దాకా ముట్టుకోకూడదు.

అన్నింటికంటె విచిత్రమైన సంకేతం చామంతిది. 1920లో అమెరికా వ్యవసాయ శాఖకు చెందిన గార్నర్, అలార్డ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు, ఎంత పెరిగినా వేసవిలో పూయని ఒక పొగాకు రకాన్ని పరిశీలిస్తూ, మొక్కలు పగటి నిడివిని కొలుచుకోగలవని ప్రకటించారు. దానినే కాంతికాలావధి అంటున్నాం. 1938లో హామ్నర్, బానర్ అనేవారు చేసిన ప్రయోగాలతో, మొక్క నిజంగా లెక్కపెట్టేది పగటిని కాదు, అంతరాయం లేని రాత్రిని అని తేలింది: పొడవైన రాత్రి మధ్యలో కొద్దిసేపు దీపం వెలిగించినా, ఆ రాత్రి లెక్కలోకి రాదు. రాత్రులు పొడవైతేనే పూసే చామంతి ఈ కోవకు చెందినదే. హైదరాబాదులో జూన్ నెలాఖరు పగలు సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరు నెలాఖరు పగలు సుమారు 11 గంటలు. చూడడానికి తేడా రెండు గంటలే అయినా, ఆకుల్లోని ఫైటోక్రోమ్ అనే వర్ణకం ఆ తేడాను పసిగట్టగలదు. అందుకే మన చామంతులు సెప్టెంబరు దాటాక మొగ్గ తొడిగి, నవంబరు నుంచి సంక్రాంతి దాకా పూస్తాయి. పూతను కావాలని వెనక్కు జరపడానికి పొలంలో రాత్రిపూట బల్బులు వెలిగించే చామంతి రైతులు వాడుకునేది కూడా ఈ సూత్రాన్నే.

నాకు ఈ సంగతి పుస్తకం వల్ల కాక ఒక కుండీ వల్ల తెలిసింది. మా ఇంటి మెట్ల పక్కన పెట్టిన పచ్చ చామంతి డిసెంబరు వచ్చినా ఆకులతో గుబురుగా ఉండిపోయింది. అదే మొక్క పిలకలు నాటిన మరో మూడు కుండీలు మేడ మీద విరగబూశాయి. ఎరువులు మార్చి, చోటు మార్చక, రెండు నెలలు వృథా చేశాను. మెట్ల దీపం రాత్రంతా వెలుగుతుందన్న విషయం నాకు తట్టనే లేదు. కుండీని నీళ్ళ ట్యాంకు వెనక్కు జరిపాక ఫిబ్రవరిలో, అందరి చామంతులూ అయిపోయాక, అది పూసింది. వీధి దీపం నేరుగా పడే ప్రహరీ మూలన చామంతి గానీ, క్రిస్మస్ వేళ ఎర్రబడే పాయిన్‌సెట్టియా గానీ పెట్టేవారు ముందుగా రాత్రి పది గంటలకు ఒకసారి అక్కడ నిలబడి చూడాలి. వార్తాపత్రికలోని పెద్ద అక్షరాలు చదవగలిగినంత వెలుగు ఉంటే ఆ చోటును అనుమానించవలసిందే.

రాత్రి లెక్క కుదిరినా, పూల సంఖ్య కత్తెర మీదే ఆధారపడుతుంది. జూన్, జూలైలలో నాటిన పిలకల కొసలను జానెడు ఎత్తు రాగానే ఒకసారి, పక్క కొమ్మలు సాగాక ఇంకోసారి తుంచి, ఆగస్టు చివరితో ఆపివేయాలి. ఆ తర్వాత తుంచితే తుంచినవి మొగ్గలే అవుతాయి. చామంతిని ఏడాది మొక్క అనుకుని సంక్రాంతి తర్వాత పీకి పారేసేవారే ఎక్కువ, కానీ అది బహువార్షికం. పూలు అయ్యాక కాండాలను నాలుగు వేళ్ళ ఎత్తుకు కోసివేస్తే మొదట్లో నుంచి పిలకలు వస్తాయి. వాటికి ప్రాణగండం మేలోనే: నలభై డిగ్రీలు దాటిన ఎండలో నేరుగా నిలవలేవు, అలాగని రోజంతా తడిసిన మట్టిలో ఉంచితే వేరు కుళ్ళుతుంది. ఉదయపు ఎండ మాత్రమే తగిలే చోట, షేడ్‌నెట్ కింద గానీ వేపచెట్టు నీడన గానీ పెట్టి, పై మట్టి ఆరాకే నీళ్ళు పోస్తూ తొలకరి వరకు కాపాడుకుంటే, నాలుగైదు ఆకులున్న ఆ పిలకలనే వేరుతో సహా విడదీసి కొత్త కుండీల్లో నాటుకోవచ్చు.